సోఫా మీద శవపెట్టె

మా ఇళ్ళల్లో చాలావాటిలో గోడల మీద మనుషుల బొమ్మలుండవు. మక్కా మదీనాల పటం ఉంటుంది. ఆయతుల్ కుర్సీ రాసిన అద్దాల ఫ్రేము ఉంటుంది. ఉర్దూ క్యాలెండరుంటుంది. దాదా ఎలా ఉండేవాడని పిల్లలడిగితే దాదీమా నోటితోనే చెప్పేది. ఇంత ఎత్తుండేవాడు, ఇలా నవ్వేవాడు, కోపమొస్తే గడ్డం ఇలా దువ్వుకునేవాడు అని. మరీ మారాం చేస్తే ట్రంకుపెట్టె అడుగునుంచి ఓటరు కార్డు తీసేది. దాని మీద దాదా కళ్ళు బెదిరినట్టుంటాయి. సర్కారు అడిగింది కాబట్టి దిగిన ఫొటో అది. తన కోసం దిగింది కాదు.

అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళం చిత్రపటాల గురించి రాయడమేమిటని మాలోనే కొందరడిగారు. అందుకే రాయాలనుకున్నాం. మనిషి బొమ్మ గీయడం మంచిది కాదన్న మాట వింటూ పెరిగినవాళ్ళకి బొమ్మంటే భయమూ ఉంటుంది, ఆశా ఉంటుంది. తాతల పటాలకు దండలు వేసే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి తోచని ప్రశ్నలు మాకు తోస్తాయి. ఈ బొమ్మ ఎవరు అడిగితే గీశారు? ఇందులో ఉన్న మనిషి తనే కూర్చున్నాడా, కూర్చోబెట్టారా?

ఈ ప్రశ్నలు మమ్మల్ని గట్టిగా పట్టుకున్నది అరకులో. నాలుగు రోజులు ఎక్కడన్నా కూచుని రాసుకుందామని మేం నలుగురం విశాఖపట్నంలో రైలెక్కాం. మాలో ఒకరి సంచిలో ఒక పాత చిత్రకళా పుస్తకముంది. అందులో ఉంది ఆ బొమ్మ.

ఆ బొమ్మ వేసింది బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్. 1951లో వేశాడు. పేరు ‘దృక్పథం: దవీద్ గీసిన మదామ్ రెకామియే’. ఇప్పుడది కెనడా దేశపు జాతీయ గ్యాలరీలో ఉంది. మూడడుగుల వెడల్పు కూడా లేని తైలవర్ణ చిత్రం. మేం చూసింది అచ్చు బొమ్మే. అయినా ఆ రాత్రి గెస్టుహౌసులో దాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తూ ఉండిపోయాం.

ముందు అసలు పటం సంగతి చెప్పాలి. ఝాక్ లూయీ దవీద్ ఫ్రాన్సు దేశపు పెద్ద చిత్రకారుడు. 1793లో రాజుకు మరణశిక్ష వేయాలని ఓటేసినవాడు. 1800లో జూలియెట్ రెకామియే అనే యువతి పటం మొదలుపెట్టాడు. ఒక బ్యాంకరు భార్య ఆమె. పారిస్‌లో ఆమె ఇంటికి పెద్దపెద్దవాళ్ళు వచ్చి కూచునేవాళ్ళు. పటంలో ఆమె పొడుగాటి సోఫా మీద కాళ్ళు చాపుకుని, వెనక్కి ఆనుకుని, తల మనవైపు తిప్పి చూస్తుంటుంది. తెల్లటి గౌను. పాదాలకు చెప్పుల్లేవు. పక్కన పొడుగాటి దీపపు స్తంభం. కింద కాళ్ళపీట. గది అంతా ఖాళీ. పాత గ్రీకు రోము దేశాల వాసన కొట్టే అలంకారం. ఇప్పుడా పటం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. యూరపులో ‘అందమైన స్త్రీ ఇలా కూర్చోవాలి’ అన్నదానికి అదొక నమూనా అయిపోయింది. ఆ రకం సోఫాకు ఆమె పేరే పెట్టారు.

మాగ్రిట్ ఏం చేశాడు? సోఫా అలాగే ఉంచాడు. దీపపు స్తంభం అలాగే ఉంచాడు. కాళ్ళపీటా ఉంది. మనిషిని తీసేశాడు. ఆ స్థానంలో ఒక చెక్క శవపెట్టెను కూర్చోబెట్టాడు. పడుకోబెట్టలేదు. కూర్చోబెట్టాడు! ఆమె నడుం ఎక్కడ వంగిందో పెట్టె అక్కడే వంగింది. ఆమె వీపు ఎంత వాలిందో పెట్టె అంతే వాలింది. వడ్రంగి కొలత తీసుకుని చేసినట్టుంది. సోఫా అంచునుంచి తెల్లబట్ట మాత్రం నేల మీదికి జారి ఉంది.

దీన్ని సర్రియలిజం అంటారు. మన విమర్శకులు అధివాస్తవికత అన్నారు. తెలుగువాళ్ళకి కొత్తదేం కాదు. ఈ కొండల దిగువనున్న విశాఖ, విజయనగరాల నుంచి వచ్చిన శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు కవిత్వంలో దాన్ని ప్రయత్నించినవాళ్ళే. ఐతే అధివాస్తవికత అనగానే కల, పిచ్చి, అర్థం కానిది అనుకోవడం మనకలవాటైంది. మాగ్రిట్ బొమ్మలో అర్థం కానిదేమీ లేదు. ప్రతి వస్తువూ దుకాణంలో పెట్టినట్టు శుభ్రంగా, స్పష్టంగా ఉంటుంది. ఉండాల్సిన చోట ఉండాల్సినది మాత్రం ఉండదు.

ఆ బొమ్మ చూసినవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది. అందం అశాశ్వతం, అందరూ పోవాల్సినవాళ్ళే అని. ఆ మాట చెప్పడానికి ఇంత అవసరం లేదు. మా ఖబర్‌స్తాన్ గేటు దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే చాలు. మాగ్రిట్ తల్లి 1912లో నదిలో పడి చనిపోయింది, అప్పటికి అతనికి పదమూడేళ్ళు, అదే ఈ బొమ్మలో ఉందని మరి కొందరంటారు. ఉంటే ఉండవచ్చు. కానీ అతను ఒక్క బొమ్మతో ఆగలేదు. 1950లో మానె అనే చిత్రకారుడి ‘బాల్కనీ’ పటాన్ని తీసుకుని, బాల్కనీలోని మనుషుల చోట శవపెట్టెలను పెట్టాడు. ఆ బొమ్మ గురించి మిషెల్ ఫూకో అడిగితే 1966లో ఉత్తరం రాశాడు. ఆ బాల్కనీ శవపెట్టెలు పెట్టుకోవడానికి వీలుగా కనిపించింది అనే అర్థం వచ్చేట్టు జవాబిచ్చాడు. అంటే చావు గురించి అతనేమీ ప్రసంగం చేయలేదు. ఆ చోటు గురించి మాట్లాడాడు.

మాకు ఆ జవాబు దగ్గర తలుపు తెరుచుకుంది. శవం కూర్చోదు. శవపెట్టె నడుం వంచదు. కూర్చునే తీరు ఒక్కటే మిగిలి, కూర్చున్న మనిషి లేకపోతే ఏమవుతుందో మాగ్రిట్ చూపించాడు. ఏమీ కాదు! బొమ్మ చెక్కుచెదరదు. దీపం వెలగడానికి సిద్ధంగానే ఉంటుంది. సోఫా నిండుగానే ఉంటుంది. అంటే ఆ పటానికి మొదటినుంచీ కావలసింది ఆ భంగిమే. మనిషి ఉన్నా సరే, లేకపోయినా సరే.

మేం ఇంకొకటి కూడా చూశాం. మాలో శవపెట్టెతో పాతిపెట్టే ఆచారం లేదు. కఫన్ చుట్టి మట్టిలో పడుకోబెడతాం. జనాజా మోసే డోలా మసీదుది. అందరిదీ. ఖబర్‌స్తాన్ దాకా వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చి, మళ్ళీ మసీదు గోడకు ఆనుకుంటుంది. ఒక్క మనిషి కొలతకు చేసిన పెట్టె మాకు తెలియదు. అందువల్ల ఆ బొమ్మలో మా కళ్ళు పెట్టె మీద కంటే జారిన తెల్లబట్ట మీద ఎక్కువసేపు నిలిచాయి. అదొక్కటే ఆ గదిలో మనిషిది. కఫన్ లాంటిది. ఆ మనిషి ఒకప్పుడు ఉందనడానికి అదే సాక్ష్యం.

మర్నాడు పొద్దున మ్యూజియం చూడ్డానికి వెళ్ళాం.

అరకు గిరిజన మ్యూజియం 1990లలో కట్టింది. లోపల మనిషంత బొమ్మలు. వంట చేస్తున్నట్టు, వేటకు వెళ్తున్నట్టు, థింసా ఆడుతున్నట్టు. ఆడవాళ్ళు ఒకరి నడుం వెనకనుంచి ఒకరు చేతులు కలుపుకుని నిలబడ్డారు. ఒక్క కాలూ కదలదు. అచ్చు బొమ్మ మా సంచిలోనే ఉంది. ఎవరం ఏమీ అనుకోకుండానే నలుగురికీ అదే గుర్తొచ్చింది. ఇక్కడా నడుం వంగాల్సిన చోట వంగింది. చెయ్యి ఎత్తాల్సిన చోట ఎత్తింది. లోపల ఎవరూ లేరు.

ఈ బొమ్మలు చేసినవాళ్ళకి గౌరవం లేదని మేమనడం లేదు. గదబ స్త్రీల నార చీర చారలు, పోర్జా స్త్రీల నగలు రేపటి పిల్లలకు తెలియాలి. కానీ ఆ గదుల్లో ఏం లేదో కూడా చూడాలి. ఇక్కడికి దగ్గర్లోనే బొర్రా పంచాయతీ పల్లెలున్నాయి. ఆ కొండలను మైనింగుకు లీజుకిస్తే గిరిజనులు ఎదురు తిరిగారు. సమతా సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమైనా సరే, మైనింగుకు ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. దేశంలోని ఆదివాసులంతా చెప్పుకునే తీర్పు అది. మ్యూజియంలో విల్లు పట్టుకున్న మనిషి కనిపించాడు. కాగితం పట్టుకుని కోర్టు మెట్లెక్కిన మనిషి కనిపించలేదు. వేటగాడి భంగిమ ఉంది. వాదితో, సాక్షితో, ఓటరుతో వాళ్ళకి పని లేదు.

మేమెక్కి వచ్చిన రైలు సంగతీ అంతే. కొత్తవలస – కిరండూల్ లైను 1960లలో వేసింది బైలదిలా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి. 58 సొరంగాలు తవ్వారు. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె ఒకటి తగిలించారు. పైకప్పు కూడా అద్దమే. మేం అందులో కూచునే వచ్చాం. కొండలన్నీ మాకు పటాల్లాగే కనిపించాయి. ఫ్రేము కట్టినట్టు.

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి.

మ్యూజియం బయట ఒక గిరిజన స్త్రీ అనాసకాయల బుట్ట పెట్టుకుని కూచుంది. అరవై ఏళ్ళుంటాయి. మాలో ఒకడు కెమెరా తీశాడు. ‘అమ్మా, బుట్ట నెత్తిన పెట్టుకో. అలా కాదు, ఇటు తిరుగు. నవ్వొద్దు’ అన్నాడు. ఆమె పెట్టుకుంది. తిరిగింది. నవ్వలేదు. అయ్యాక బుట్ట దించి, ‘కాయ కొంటారా బాబూ, ఫొటోకే ఇస్తారా? రెండూ అయితే యాభై’ అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వు మా కెమెరాలో లేదు. సాయంత్రం చూసుకుంటే బుట్ట ఉంది, ముక్కుకి కమ్ములున్నాయి, వెనక కొండ ఉంది. ఆమె లేదు.

మేం కూర్చోబెట్టాం ఆ పెట్టెని. మైనారిటీలమని, అస్తిత్వం అని రాసుకోవడానికి వచ్చిన మేం!

మమ్మల్ని ఎలా కూర్చోబెడితే ఇన్నేళ్ళుగా కోపం తెచ్చుకుంటున్నామో అలాగే చేశాం. తెలుగు సినిమాలో ముస్లిం ఎలా కూచుంటాడో అందరికీ తెలుసు. గళ్ళ లుంగీ, జాలీ టోపీ, కంటికి సుర్మా, వచ్చీరాని తెలుగు. ఇంటర్వెల్ తర్వాత హీరో కోసం ప్రాణం ఇస్తాడు. లేదా బాంబు పెడతాడు. తెలుగే మాతృభాషగా, దూది ఏకి బతికిన నూర్ బాషాలు ఆ సోఫాలో పట్టరు. అందుకని వాళ్ళని పిలవరు.

ఈ కొండల్లో పోరాడిన అల్లూరినీ, ఆదిలాబాదు గోండు వీరుడు కొమురం భీమ్‌నీ కలిపి తీసిన ‘ఆర్ఆర్ఆర్’ 2022లో వచ్చింది. అందులో భీమ్ ముస్లిం వేషంలో అఖ్తర్ అనే పేరుతో తిరుగుతాడు. 2020లో టీజరు రాగానే భీమ్ నెత్తిన టోపీ ఏమిటని పెద్ద గొడవ చేశారు. నిజమే, భీమ్ పోరాడింది నిజాం సర్కారుతో. 1940లో అతన్ని చంపింది ఆ సర్కారు పోలీసులే. మేం దాన్ని దాచం. ఆయన వారసులకు అడిగే హక్కుంది. కానీ గొడవ చేసినవాళ్ళందరికీ భీమ్ మీద ప్రేమ పుట్టిందా? మా దృష్టికి వచ్చింది వేరు. ఆ కథలో టోపీ ఒక వేషం. పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. మాకు తీసేసే వీలుందా? మా బట్టలు సోఫా మీద కూచున్నాయి. మేం ఎక్కడున్నాం?

సినిమాల్లో అయితే పోనీ అనుకోవచ్చు. 2007లో హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చిన మావాళ్ళే చనిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకెళ్ళింది కూడా మా కుర్రవాళ్ళనే. కోర్టులు వదిలేశాక కొందరికి ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. పటం ముందే సిద్ధంగా ఉంది. అందులో కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. ఎవరైనా ఫర్వాలేదు. మాగ్రిట్ బొమ్మ కల కాదని మేమనేది ఇందుకే.

మరి బొమ్మలే వద్దా?

ఇవే తూర్పు కనుమల్లో, అరకుకు ఈశాన్యంగా, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండల్లో, ఆపైన ఒరిస్సా కొండల్లో సవరలుంటారు. వాళ్ళు కూడా పోయినవాళ్ళ కోసం బొమ్మ వేసేవాళ్ళు. ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపిన తెల్లరంగుతో, పుల్లతో గీసేవాళ్ళు. వెరియర్ ఎల్విన్ వీటి గురించి వివరంగా రాశాడు. మధ్య భారతపు గిరిజన కళల మీద అతని పుస్తకం వచ్చింది 1951లోనే. మాగ్రిట్ సోఫా మీద శవపెట్టె పెట్టిన ఏడాదే!

సవర గోడ బొమ్మలో పోయిన మనిషి పోలిక ఉండదు. ముక్కు ఇలా, కళ్ళు ఇలా అని ఉండదు. ముందు ఒక చతురం గీస్తారు. అది ఇల్లు. పోయినవాళ్ళు వచ్చి ఉండడానికి ఇల్లు. అందులో సూర్యుడు, చంద్రుడు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, నీళ్ళు మోసేవాళ్ళు, చిందేసేవాళ్ళు, పుల్లల్లాంటి చిన్నచిన్న మనుషులు. విమానాలు, సైకిళ్ళు కూడా వేశారని ఎల్విన్ రాశాడు. పోయినాయనకు ఏది కావాలో అది. ఇది నీ ఇల్లు, ఇక్కడ ఉండు, మమ్మల్ని బాధపెట్టకు, మమ్మల్ని చూసుకో అని.

రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి మనిషిని కొలత తీసి పెట్టె చేసింది. రెండోది కొలత తీయకుండా ఇల్లు కట్టింది. ఒకదానిలో భంగిమ ఉంది, మనిషి లేదు. రెండోదానిలో పోలికే లేదు, మనుషులంతా ఉన్నారు. బొమ్మలు లేని ఇళ్ళనుంచి వచ్చిన మాకు ఈ రెండోది ఎందుకో దగ్గరగా తోచింది. దాదీమా దాదా గురించి చెప్పినదీ ఇలాంటిదే కదా! ముఖం చెప్పలేదు. నవ్వు చెప్పింది, కోపం చెప్పింది. మేం ఉండడానికి చోటిచ్చింది.

ఐతే ఇక్కడ ఆగి చప్పట్లు కొడితే మేమూ అద్దాల పెట్టెలోంచి చూసినట్టే. సవరల గోడలు ఇప్పుడు మునుపటిలా లేవు. ఒరిస్సా సవరల మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన పియర్స్ విటెబ్‌స్కీ, పోయినవాళ్ళతో వాళ్ళు మాట్లాడే తీరు మీద 1993లో ఒక పుస్తకం రాశాడు. 2017లో మరో పుస్తకం రాశాడు. అప్పటికి వాళ్ళలో చాలామంది క్రైస్తవులయ్యారు. పోయినవాళ్ళతో మాట్లాడ్డం మానేశారు. ఇంకోపక్క ఆ బొమ్మలు గుడ్డల మీదికి, కాన్వాసుల మీదికి ఎక్కి బజారుకు వచ్చాయి. గీసినవాళ్ళకి నాలుగు డబ్బులొస్తే మంచిదే. కానీ హోటలు గోడకు తగిలించిన ఇంట్లోకి ఏ పెద్దాయనొచ్చి ఉంటాడు?

‘అయ్యో, అసలైన సవరలు పోయారే’ అని బాధపడే పెద్దమనుషులున్నారు. ఆ బాధ మాకు తెలిసిన బాధే. దూదేకుల వాళ్ళని ‘అసలైన ముస్లింలు కాదు’ అనేవాళ్ళ గొంతు అలాగే ఉంటుంది. ఉర్దూ రాని ముస్లింని, బురఖా వేసుకోని అమ్మాయిని, వేసుకున్న అమ్మాయిని కూడా ‘అలా కాదు, ఇటు తిరుగు’ అనేది ఆ గొంతే. సవర మనిషి బొమ్మ గీస్తాడో మానేస్తాడో, ఏ దేవుణ్ణి పిలుస్తాడో అది అతని ఇష్టం. గిడుగు రామమూర్తి ఆ మనిషి దగ్గర కూచుని భాష నేర్చుకున్నాడు. 1931లో సవర భాష మీద పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఏటా ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేస్తున్నాం. ఆయన ఎవరి మాట వినడానికి చెవి ఒగ్గాడో వాళ్ళని మాత్రం పటంలోనే ఉండమంటున్నాం.

చివరిగా మళ్ళీ ఆ సోఫా దగ్గరికి వస్తాం. దవీద్ వేసిన పటం పూర్తి కాలేదు. వెనక గోడ ఇప్పటికీ పచ్చి కుంచె గీతలతోనే ఉంది. రెకామియే తన పటం వేయమని దవీద్ శిష్యుడు ఝెరార్‌ని అడిగింది. అంటే ఆమె ఆ సోఫామీంచి లేచి వెళ్ళిపోయింది! ఈ సంగతి తెలిసినప్పుడు మాకెంత సంతోషమైందో చెప్పలేం. కూర్చోబెట్టినవాళ్ళు లేవగలరు.

కానీ మాగ్రిట్ అక్కడా వదల్లేదు. 1950లో ఝెరార్ పటాన్ని కూడా తీసుకుని, దానిలోనూ శవపెట్టెనే కూర్చోబెట్టాడు. ఆమె కోరి వేయించుకున్న పటంలో కూడా!

మా గుండెల్లో రాయి పడింది ఇక్కడే. ఇతరులు వేసిన మా పటాలు చించేయడం తేలిక. మాకు మేం వేసుకుంటున్న పటాల సంగతేమిటి? పేదరికం, తలాక్, బిర్యానీ, అత్తరు, కర్ఫ్యూ... ఇవి రాస్తేనే ముస్లిం కథ, ఇవి లేకపోతే కాదు అని మాలో మేమే అనుకోవడం మొదలైతే, అది మేం కోరి చేయించుకున్న పెట్టె. కొలత మాదే, వడ్రంగి మావాడే. అంతే తేడా. పోలిక కోసం రాయడం వేరు, ఇల్లు కోసం రాయడం వేరు. సవర గోడ మాకు చెప్పింది ఇది.

ఈ సంకలనానికి ముఖచిత్రంగా ఆ అనాసకాయల ఆమె ఫొటో వేద్దామని మాలో ఒకరన్నారు. ఆదివాసులూ మనమూ ఒకటే అని చెప్పినట్టు ఉంటుందన్నారు. మర్నాడు రైలెక్కేముందు ఆ ఫొటో ఆమెకు చూపించి అడిగాం. చాలాసేపు చూసింది. ‘ఇది నేనేనా?’ అంది. తర్వాత, ‘మా మనవరాలు పక్కనుంటే బాగుండేది’ అంది.

ఆ ఫొటో వేయలేదు.